ప్రళయ కావేరిలో ఒక రోజు: పడవెక్కే ముందు తెలుసుకోవాల్సినవి



మన జిల్లాకు సముద్రం లేదు. మన పిల్లలకు నీళ్ళంటే బావి, చెరువు, పాంబారు డ్యాం, కృష్ణగిరి డ్యాం. అందుకే సెలవుల్లో చెన్నైలో చుట్టాల ఇంటికి పోయినప్పుడు "పడవెక్కించండి" అని అడగని పిల్లలు ఉండరు. చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో దీవులు, పడవలు, పక్షులు అన్నీ ఒకేచోట చూడగలిగే సరస్సు ఒకటి ఉంది. అదే పులికాట్. తమిళంలో పళవేర్కాడు అంటారు. తెలుగులో దాని పాత పేరు ప్రళయ కావేరి. స.వెం. రమేశ్ రాసిన 'ప్రళయ కావేరి కథలు' ఈ సరస్సు చుట్టూ ఉండే తెలుగువాళ్ళ బతుకు గురించే. పెద్ద తరగతుల పిల్లలు తప్పక చదవాలి.

సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోని తిరుపతి జిల్లాలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. ఒడ్డున రెండు భాషలూ వినిపిస్తాయి. మన దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలాగా పొడుగ్గా ఉన్న దీవి శ్రీహరికోట. రాకెట్లు ఎగిరేది అక్కడి నుంచే. అనుమతి లేకుండా అక్కడ తిరగనివ్వరు. ఇరకం, వేనాడు లాంటి దీవుల్లో ఊళ్ళు ఉన్నాయి.

లోతు ఎందుకు తక్కువ?

దక్షిణాన ఆరణి, ఉత్తరాన కాళంగి, స్వర్ణముఖి నదులు నీళ్ళతో పాటు ఒండ్రు కూడా తెచ్చి పోస్తాయి. అందుకే చాలాచోట్ల మనిషి నిలబడితే నడుము లోతే ఉంటుంది. పాతకాలం పడవవాళ్ళకు తెడ్డు కన్నా గడకర్రే ఎక్కువ పనికొచ్చేది. ఉదయం నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, అప్పుడు గాలి సముద్రం నుంచి నేల వైపు తిరుగుతుంది. తెరచాప ఎత్తేవాళ్ళు ఈ రెండు గాలుల్ని చూసుకునే పోవడం, రావడం పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు మోటారు పడవలు ఎక్కువైనా, మధ్యాహ్నం గాలి పెరిగితే అలలు పెరుగుతాయన్నది మాత్రం మారలేదు. చిన్నపిల్లలతో పోయేవాళ్ళకు ఉదయమే మంచిది.

లోతు తక్కువ కావడం పక్షులకు వరం. చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలు పొడుగు కాళ్ళతో ఆ నీళ్ళలో నిలబడి, తల కిందులుగా వంచి, ముక్కుతో నీళ్ళు వడగట్టి నాచును, చిన్న చిన్న రొయ్యజాతి పురుగులను తింటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చిందే. వాటిని చూడటానికి పడవ కూడా అక్కర్లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోనే పోతుంది. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి.

ప్రాణం పోసేదీ, ప్రాణం తీసేదీ ముఖద్వారమే

సరస్సు సముద్రంతో కలిసే సన్నని దారిని ముఖద్వారం అంటారు. పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన రాయదొరువు దగ్గర ఒకటి ఉన్నాయి. రొయ్యపిల్లలు సముద్రం నుంచి ఈ దారినే వచ్చి సరస్సులో పెరుగుతాయి. ఎండాకాలంలో ఇసుక మేట వేసి దారి మూసుకుపోతే నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది, చేపలు తగ్గుతాయి, జాలర్ల పూట గడవడం కష్టమవుతుంది. పూడిక తీయమని వాళ్ళు అడిగేది అందుకే.

కానీ ఆటుపోట్లకు అంత పెద్ద సరస్సు నీళ్ళు లోపలికీ బయటికీ పోవాలంటే ఈ ఇరుకు దారే గతి. డ్యాం షట్టరు దగ్గర నీటి వేగం మనకు తెలుసు కదా, ఇక్కడా అంతే. వానల తరువాత నదుల నీళ్ళు కూడా కలిస్తే వేగం ఇంకా పెరుగుతుంది. అడుగున ఇసుక దిబ్బలు జరుగుతూ ఉంటాయి. ఒక అడుగు మోకాలి లోతు, తరువాతి అడుగు తలమునక. బావిలో బాగా ఈత కొట్టే పిల్లలు కూడా పారే నీళ్ళలో నిలవలేరు.

2011 డిసెంబరు 25న పళవేర్కాడు దగ్గర సరదాగా పోయినవాళ్ళ పడవ ఒకటి మునిగి 22 మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడ పర్యాటకులను పడవల్లో తిప్పడాన్ని అధికారులు నిషేధించారు. "ఒక్క రౌండు తిప్పి తీసుకురాన్నా" అని డబ్బు చూపించి జాలర్లను బతిమాలడం మన పిల్లల ప్రాణంతో ఆడటమే.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

1. అధికారికంగా అనుమతి ఉన్న చోటే పడవెక్కండి. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో భీమునివారిపాలెం దగ్గర పడవ షికారు ఏర్పాటు చేస్తుంటారు.
2. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా, పిల్లల కొలతవి ఉన్నాయా చూడండి. లేకపోతే ఎక్కొద్దు.
3. పడవ ముఖద్వారం వైపు పోదని ముందే అడిగి తెలుసుకోండి.
4. ఫోటో కోసం అందరూ లేచి ఒకే పక్కకు పోవద్దు. చాలా పడవలు బోల్తా పడేది అలాగే.
5. పక్షుల దగ్గరికి పోయి అరవొద్దు, రాళ్ళు వేయొద్దు.

పోయే దారి: సామల్పట్టి నుంచి రైల్లో జోలార్‌పేట మీదుగా చెన్నై; అక్కడి నుంచి గుమ్మిడిపూండి వైపు లోకల్ రైలు. పళవేర్కాడు చూడాలంటే పొన్నేరిలో దిగి బస్సెక్కాలి. అక్కడ 17వ శతాబ్దపు డచ్చివాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. పక్షులు, దీవుల వైపు పోవాలంటే సూళ్ళూరుపేటలో దిగాలి.

పిల్లలూ, పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపోండి. అక్కడివాళ్ళు గాలికి, చేపకు, వలకు ఏ పేరు పెట్టి పిలుస్తారో అడిగి రాసుకోండి. మన ఊళ్ళో వినని తెలుగు మాటలు ఆ ఒడ్డున ఎన్నో దొరుకుతాయి.