ఆసుపత్రిలో క్షయవ్యాధి వ్యాపించకుండా ఎలా ఆపుతారు?

విద్యార్థులారా! వేసవిలో మన అల్ షహానియాలో కిటికీలు తెరవలేము. తలుపులు మూసి ఏసీ వేసుకొంటాము. ఇంట్లో అది సుఖమే. కాని ఆసుపత్రిలో మూసిన గదిలో క్షయరోగి దగ్గితే, ఆ గాలే ఇతరులకు కీడు చేయవచ్చు. ఎందుకో తెలుసుకొందాము.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు సన్నని తుంపరలు వెలువడతాయి. వాటిలోని తడి ఆరిపోగా మిగిలిన కణాలు గంటల తరబడి గాలిలో తేలుతాయి. వాటిని పీల్చినవారికి వ్యాధి సోకవచ్చు. చేయి కలిపినా, ఒకే కంచంలో తిన్నా క్షయ అంటదు.

కావున ఆసుపత్రులు మూడు కట్టుబాట్లు పాటిస్తాయి.

మొదటిది, త్వరగా గుర్తించడం. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి మాస్కు ఇచ్చి, వేరుగా కూర్చోబెట్టి, కఫాన్ని పరీక్షిస్తారు. ఖతర్‌లో నివసించడానికి వచ్చే పెద్దలకు ఛాతీ ఎక్స్‌రే తీయడం కూడా ఇందుకే.

రెండవది, గాలిని మార్చడం. రోగి ఉండే ప్రత్యేక గదిలోని గాలిని యంత్రం నిరంతరం బయటికి లాగుతుంది. అందువల్ల తలుపు తెరిస్తే వరండాలోని గాలి లోపలికి వస్తుందే గాని, లోపలి గాలి వరండాలోకి పోదు. అటువంటి కొత్త గదులలో గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలని నియమం.

మూడవది, మాస్కు. రోగి ధరించే సాధారణ మాస్కు తుంపరలను ఆపుతుంది. వైద్యులు, నర్సులు ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు ధరిస్తారు.

వీటన్నిటికంటె బలమైనది మందు. పూర్వం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాలలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే ముఖ్య చికిత్స. రోగులు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవారు. తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడిన రోగుల వల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని తేల్చింది. సరియైన మందు మొదలైన కొద్ది వారాలలోనే చాలామంది నుండి వ్యాధి ఇతరులకు సోకదు. అయినా చికిత్సను సాధారణంగా ఆరు నెలలు పూర్తిచేయాలి. నడుమ మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందుకు లొంగకపోవచ్చు.

కనుక మీ ఇంట్లో గాని, తోటివారి ఇంట్లో గాని ఎవరికైనా క్షయ అని తెలిస్తే వెలివేయకండి. వెలికి భయపడినవారు దగ్గును దాచుకొంటారు. దాచిన దగ్గే పదిమందికి పాకుతుంది. "వైద్యుని దగ్గరకు వెళ్దాం, మందు మానవద్దు" అని మీరు చెప్పగలిగితే, అదీ వ్యాధిని ఆపే పనే.