ఎల్లారెడ్డి అని వెతికితే ఎవరు దొరుకుతారు?

దేశం దాటినవాళ్లం ఎప్పుడో ఒకసారి ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఊరి పేరు కొట్టి చూసే ఉంటాం. కామారెడ్డి జిల్లాలోని మన ఎల్లారెడ్డి పేరు కొడితే ముందు ఆ పేరున్న మనుషులు వస్తారు. తర్వాత సిరిసిల్ల దిక్కు ఎల్లారెడ్డిపేట, హైదరాబాద్‌లోని ఎల్లారెడ్డిగూడ. ఇంగ్లిష్ లిపిలో ఒకరు వైతో, ఇంకొకరు ఈతో మొదలుపెడతారు కనుక ఏదో ఒకటే రాసి ఊరుకుంటే కొందరు తప్పిపోతారు. కామారెడ్డికి మరో చిక్కుంది. 2023 శాసనసభ ఎన్నికల్లో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ నిలబడ్డారు, ఇద్దరూ కాటిపల్లి వెంకటరమణారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశమంతా చూసిన పోటీ అది. కాబట్టి ఊరి కబురు కోసం వెతికినవాళ్లకు రాజకీయ వీడియోలే ఎదురొస్తాయి.

ఊరి పేరుతో మనుషులు దొరుకుతారు గాని మన మనసుకు దగ్గరివాళ్లు దొరకడం కష్టం. వాళ్లు కావాలంటే మనకు ఏది పట్టింపో దాన్ని పట్టుకుని వెతకాలి. చెరువులా, శాసనాలా, సర్కారు బడులా, గల్ఫ్ వెళ్లినవాళ్ల గోసా? ఆ పని చేస్తున్నవాళ్లను ముందు పట్టుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

2025 ఆగస్టు చివరి వారం గుర్తు చేసుకోండి. 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగిపోతుంటే కట్ట ఆగుతుందో లేదోనని దిగువ ఊళ్లు భయపడ్డాయి. నూరేళ్ల నాటి కట్ట, తట్టుకుంది. ఇట్లాంటి రోజున అమ్మానాన్నలకు ఫోన్ కలవకపోతే ఎవరి మాట నమ్మాలి? ఎక్స్‌లో ‘తెలంగాణ వెదర్‌మ్యాన్’ అన్న ఖాతా ఉంది. వాన రాకముందే ఎక్కడ, ఏ వేళకు పడొచ్చో చెబుతుంది. మండలాలవారీ వర్షపాతం లెక్కలు రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ ఇస్తుంది. ఈ రెండూ వాన లేని రోజుల్లోనే మన ఫీడ్‌లో ఉండాలి. అంతకంటే విలువైనది పోస్టుల కింద ఉంటుంది. మా దగ్గర ఇంత పడింది, ఫలానా వాగు దాటొద్దు అని గంటతో సహా రాసేవాళ్లు అక్కడ కనబడతారు. ఫాలో కావాల్సింది వాళ్లను. పెద్ద ఖాతా దారి చూపిస్తుంది, మనలాంటి మనుషులు దాని కింద ఉంటారు.

చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లకైతే ఇంకా మంచి తోడుంది. కవి శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా నడిచే కొత్త తెలంగాణ చరిత్ర బృందంలో ఎందరో ఔత్సాహికులు. గుట్టలెక్కి, పాడుబడ్డ గుళ్లు తిరిగి ఫొటోలు తీస్తారు. లిపి తెలిసినవాళ్లు చదివి చెబుతారు. కామారెడ్డి జిల్లాలో ఇట్లాంటి కళ్లకు పని తక్కువ లేదు. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. జుక్కల్ మండలం కౌలాస్ కోట ఇంకా అంత శ్రద్ధకు నోచుకోలేదు. ఈ దారిలో ఒక్కరిని ఫాలో అయితే చాలు. శాసనం చదివిపెట్టినందుకు ఆయన ఎవరిని తలచుకున్నారో చూస్తే రెండోవారు దొరుకుతారు, వారి నుంచి మూడోవారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి మాత్రం గల్ఫ్‌ది. ఎల్లారెడ్డి, కామారెడ్డి పల్లెల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లినవాళ్లు ఎందరో. డల్లాస్‌లో ఉన్న మనకూ, దుబాయి లేబర్ క్యాంపులో ఉన్న మన ఊరి తమ్ముడికీ బడి ఒకటే, బతుకమ్మ ఒకటే, కాని ఒకరి ఫీడ్‌లో ఒకరు లేరు. మనం ఎవరితో ఎక్కువ మాట్లాడతామో వాళ్లనే యాప్ మళ్లీ మళ్లీ చూపిస్తుంది. ఉద్యోగాల కబురు ఆప్తమిత్రుల కంటే ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువగా అందుతుందని 1973లోనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ రాశాడు. దూరపు పరిచయాల విలువ ఉద్యోగాలతోనే ఆగదు. గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ముచ్చట మనలో ఎందరికి తెలుసు? వలస కార్మికుల హక్కుల కోసం పనిచేసే మంద భీంరెడ్డి లాంటివాళ్లను ఫాలో అయితే తెలుస్తుంది. తెలిస్తే ఊర్లో ఒక తల్లికి దరఖాస్తు నింపిపెట్టే మనిషినైనా చూపించగలం.

కొన్ని జాగ్రత్తలు కూడా. ఊరి పేరుతో పేజీ పెట్టి చందాలు అడిగేవాళ్లున్నారు. ఫేస్‌బుక్‌లో పేజీ పారదర్శకత అన్న చోట నొక్కితే అది ఎప్పుడు పుట్టింది, ఎన్ని పేర్లు మార్చింది కనబడుతుంది. డబ్బు పంపే ముందు అది చూడండి. వాట్సాప్ గ్రూపులో చేరితే మన నంబరు అందరికీ తెలుస్తుంది, చానల్‌లో తోటి పాఠకులకు తెలియదు. ఎక్స్‌లో జాబితా ఒకటి చేసుకుంటే ఊరి సంగతులన్నీ ఒకచోట, గొడవలు లేకుండా చదువుకోవచ్చు. చదివి ఊరుకోకుండా అప్పుడప్పుడు ఒక మాట రాయండి. పలకనివాళ్ల మనసు ఎవరికీ తెలియదు.

మొదలుపెట్టడానికి ఒక పని సూచిస్తాను. మన జిల్లాలోనే, మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాన్ని కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజునే, జూలై 11న, తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. 2031కి ప్రాజెక్టుకు నూరేళ్లు. కట్ట మీద పనిచేసిన తాతలు, ముంపులో ఊరు వదిలి వచ్చిన అవ్వల కుటుంబాలు నేడు నాలుగు ఖండాల్లో ఉన్నాయి. మీ ఇంట్లో పాత ఫొటోనో, కాలువ నీటి రసీదో, ముంపు పరిహారం కాగితమో ఉంటే తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, నిజాంసాగర్ పేరుతో ట్యాగ్ చేసి పెట్టండి. ఆ కాగితం గురించి అడుగుతూ కింద రాసేవాళ్లను ఫాలో అవ్వండి.