12.10 అంటే ఎంత?

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇంటి నేలకు నాపరాళ్లు పరచడం మీరు చూసే ఉంటారు. ఎన్ని చదరపు అడుగుల రాళ్లు కావాలో ఇంటి ప్లాను చెబుతుంది. 1963లో ఐవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’తో కంప్యూటర్ తెరమీద బొమ్మ గీసి చూపాక, ప్లాన్లు గీసే ప్రోగ్రాములకు దారి ఏర్పడింది.

ఒక గది పొడవు 12 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 10 అడుగులు అనుకుందాం. మేస్త్రీ ఆ పొడవును కాగితం మీద 12.10 అని రాస్తాడు. మీరు అదే కంప్యూటర్‌కు ఇస్తే, అది దశాంశంగా చదువుతుంది. అడుగులో పదో వంతు 1.2 అంగుళాలే కదా! గది 8.8 అంగుళాలు కురచైపోతుంది. 128.3 చదరపు అడుగులకు బదులు 121 మాత్రమే లెక్కకొస్తాయి. రాళ్లు చాలక పని ఆగుతుంది.

‘కంప్యూటర్ తప్పు చూపుతోంది’ అంటే ఎవరూ సాయపడలేరు. ఏ అంకె ఇచ్చారు? ఏ కొలమానం ఎంచుకున్నారు? ఎంత రావాలి? ఎంత వచ్చింది? ఈ నాలుగూ రాసి టీచరుకో, ఇంజనీరుకో చూపండి. లోపం ఇట్టే బయటపడుతుంది.

ఇక్కడ ఇవ్వవలసిన అంకె 12.83. ఎందుకో, 10ని 12తో భాగించి మీరే తేల్చుకోండి!