మూడో మనిషి చూసిన మంచి

లాస్ ఏంజెలెస్ నగరంలో ఒక రోడ్డు పక్కన కారు ఆగి ఉంది. వెనక చక్రంలో గాలి లేదు. పక్కనే ఒక యువతి ఎవరైనా ఆగుతారేమోనని చూస్తోంది. మార్చడానికి మంచి టైరు సిద్ధంగానే ఉంది, బిగించిపెట్టే మనిషే కావాలి. ఆ దారిన రెండు వేల వాహనాలు వెళ్తే 35 ఆగాయి. నిజానికి ఇది జేమ్స్ బ్రయాన్, మేరీ ఆన్ టెస్ట్ అనే పరిశోధకులు ఏర్పాటు చేసిన ప్రయోగం. మరో రెండు వేల వాహనాలకు వాళ్లు ఒకే ఒక్క మార్పు చేశారు. ఆ యువతి కంటే పావు మైలు ముందు ఇంకో కారు, ఇంకో యువతి. అక్కడ మాత్రం ఒకతను అప్పటికే ఆమెకు చక్రం మార్చిపెడుతూ కనిపిస్తాడు. ఈసారి 58 వాహనాలు ఆగాయి. ఈ ఫలితాలు 1967లో అచ్చయ్యాయి.

అంకెలు గొప్పవేమీ కావు. చూసి కూడా 1,942 వాహనాలు వెళ్లిపోయాయి. అయినా నాకు ఈ ప్రయోగమంటే చాలా ఇష్టం. వేగంగా పోతూ కారు అద్దంలోంచి ఒక్క క్షణం చూసిన దృశ్యం, కొందరి కాలిని పావు మైలు తర్వాత బ్రేకు మీదకు తెచ్చింది. నిజజీవితంలోనైతే, ముందు చక్రం మార్చినతనికి ఈ సంగతి తెలిసే దారే లేదు.

చిన్న సాయం చేసినవాళ్లకు దాని విలువ ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు షికాగోలో చలికాలం, మంచు మీద స్కేటింగ్ చేసే చోట ఈ విషయాన్నే పరీక్షించారు. అక్కడికి వచ్చిన కొందరికి వేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, కావాలంటే ముక్కూమొహం తెలియని ఎవరికైనా ఇవ్వవచ్చన్నారు. ఇచ్చినవాళ్లను, పుచ్చుకున్నవాళ్ల మనసు ఎలా ఉంటుందో మైనస్ 5 నుంచి 5 దాకా ఉన్న కొలమానం మీద ఊహించమంటే, సగటున 2.7 అన్నారు. పుచ్చుకున్నవాళ్లు చెప్పుకున్నది 3.5. ఇచ్చినవాళ్లు కప్పులో ఉన్నదాన్నే లెక్కగట్టారు. అందుకున్నవాళ్లకు కప్పుతోపాటు, ఎవరో పరాయి మనిషి తమను తలచుకున్నాడన్న సంతోషం కూడా అందింది. చాలామంది సాయానికి వెనకాడేది ‘ఇంత చిన్నదాన్ని వాళ్లేం లెక్కచేస్తారు’ అన్న సంకోచంతోనే అని నా నమ్మకం.

మరి చూసేవాళ్ల సంగతి? మన పల్లెవెలుగు బస్సుల్లో రోజూ జరిగేదే తీసుకోండి. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. సీట్లో కూర్చున్న పెద్దావిడ ‘ఇటియ్యమ్మా’ అని పిల్లాణ్ణి అందుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడగరు. దిగేచోట పిల్లాణ్ణి తిరిగిచ్చేస్తే అక్కడితో సరి. కానీ ఎదురు సీటులోని కాలేజీ కుర్రాడు అదంతా చూశాడు. వాడి లోపల ఏం జరుగుతుంది?

జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సుమారు 2000 నుంచి ఈ ప్రశ్న వెంటే పడ్డాడు. ఒకరు మరొకరికి మంచి చేస్తుంటే చూసినవాళ్లు గుండెల్లో వెచ్చదనాన్ని, గొంతు పూడుకుపోవడాన్ని వర్ణించారు. తామూ అలా ఉండాలన్న కోరిక కలిగిందన్నారు. కడుపుబ్బ నవ్వినప్పుడు కలిగే సంతోషం వేరు. అది మనల్ని ఉల్లాసపరిచి వదిలేస్తుంది. ఇది ఎదుటివాళ్ల వైపు కదిలిస్తుంది. 2008లో ఆయన, జెన్నిఫర్ సిల్వర్స్ ప్రచురించిన అధ్యయనం నన్ను కదిలించింది. చంటిబిడ్డల తల్లుల్లో కొందరికి, చెడుదారి పట్టకుండా తనను కాపాడిన గురువుకు ఒక సంగీతకారుడు కృతజ్ఞతలు చెప్పుకునే దృశ్యం చూపించారు. మిగిలినవాళ్లకు హాస్య కార్యక్రమం చూపించారు. మొదటి గుంపులో దాదాపు సగం మంది తల్లులకు పాలు చేపుకొచ్చాయి, లేదా వాళ్లు బిడ్డను రొమ్ముకు చేర్చుకున్నారు. హాస్యం చూసినవాళ్లలో అలా జరిగింది బహుకొద్దిమందికే. ఎవరో ఎవరికో చేసిన మేలు, దాన్ని ఊరికే చూసిన ఒక తల్లి ఒంట్లో పాలను కదిలించింది.

అందుకే గుప్తదానం విషయంలో నాకొక అభిప్రాయం ఉంది. డబ్బు సాయం గుప్తంగానే జరగాలి. పుచ్చుకునేవాళ్ల పరువు అందులో ఉంది. కెమెరా ముందు బియ్యం సంచి చేతిలో పెట్టి నిలబెడితే, అందుకున్నవాళ్లు తల దించుకుంటారు, చూసేవాళ్ల దృష్టి ఇచ్చినవాళ్ల మొహం మీదే నిలిచిపోతుంది. కానీ చోటివ్వడం, బరువు అందుకోవడం, దారి చూపించడం లాంటివి దాచుకోవలసినవి కావు. మామూలుగా, నలుగురి మధ్యే చేయాలి. ముఖ్యంగా పిల్లలు చూసేచోట.

వేసవి వస్తే మన ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. కొన్నిచోట్ల ప్లాస్టిక్ డబ్బా, దానికో కుళాయి పెట్టి వదిలేస్తున్నారు. దాహం అలా కూడా తీరుతుంది. కుండ దగ్గర ఒక మనిషి ఉండి, వచ్చినవాళ్ల దోసిట్లో నీళ్లు పోస్తుంటే మాత్రం, సిగ్నల్ దగ్గర ఆగిన స్కూలు ఆటోలోని పిల్లలకు కూడా చూడ్డానికి ఒకటి దొరుకుతుంది. చలివేంద్రం పెట్టే సంఘాలవాళ్లు కుండలకు, పందిరికి ఖర్చు రాసుకునేటప్పుడు, నీళ్లు పోసే మనిషి కూలి, కూర్చోవడానికో కుర్చీ కూడా ఆ చిట్టాలో రాసుకోవాలని అడుగుతున్నాను.