మేలిమికి కావలసిన కల్తీ

కల్తీ అను మాట వినినంతనే మనకు రోత పుట్టును. కాని కంసాలి నడిగి చూడుడు. మేలిమి బంగారము మెత్తన, నగకు నిలువదు. కొలదిగా రాగి కలిసిననే గట్టిపడును. నేటి దీపముల శాస్త్రమునందును ఇట్టి మంచి కల్తీ యొకటి కలదు. దానిని మాదీకరణ మందురు.

1839లో యూరల్ పర్వతములలో దొరికిన యొక ఖనిజమును జర్మను శాస్త్రజ్ఞుడు గుస్టావ్ రోజ్ పరిశీలించి, రష్యా ప్రభువు పెరోవ్‌స్కీ పేర పెరోవ్‌స్కైటని పిలిచెను. ఆ ఖనిజపు అమరికయే గల యితర పదార్థములకును పిదప ఆ పేరే స్థిరపడినది. సీజియము, సీసము, బ్రోమీను కలిసిన స్ఫటికము వానిలో నొకటి. దానిని కాంతి ఉద్గార డయోడులో పలుచని పొరగా పరచి విద్యుత్తును పంపినచో ఆకుపచ్చని వెలుగు నిచ్చును. నీలి డయోడులకు వాడు గాలియము నైట్రైడును పెంచుటకు సుమారు వేయి డిగ్రీల వేడిమి కావలెను. ఈ స్ఫటికములు ద్రావణమునుండియే యేర్పడును. ఇందువలననే వీనిపై శాస్త్రజ్ఞులకు ఇంత మక్కువ.

అయినను ఇందొక లోపము కలదు. డయోడులో ఎలక్ట్రానులు రంధ్రములతో కలిసినపుడు కాంతి పుట్టును. స్ఫటికములో బ్రోమీను లోపించిన ఖాళీలుండినచో అవి యచట చిక్కుకొనును. వెలుగు కావలసిన శక్తి వేడియై వ్యర్థమగును. స్ఫటికము త్వరగా చెడుటయు కలదు.

దీనికి చికిత్సగా సీసపు అయానులలో కొన్నిటి స్థానమున వేరొక లోహమును నిలిపిరి. మాంగనీసు అయాను చిన్నది. అది చేరినచో బంధములు కుదించుకొని కట్టడము బిగియును. 2017లో ప్రకటితమైన ప్రయోగములో దీనివలన బాహ్య క్వాంటం దక్షత 0.81 శాతమునుండి 1.49 శాతమున కెక్కినది. సీరియము అయాను పరిమాణమున సీసమునకు చేరువ యగుటచే జాలకమును చెదరగొట్టక యిముడును. 2018లో దాని చేరికతో దక్షత 1.6నుండి 4.4 శాతమైనది. అనగా నూరు ఎలక్ట్రానులు ప్రవేశించినచో, వెలుపలికి వచ్చు కాంతికణములు నాలుగున్నరకు లోపు. ఆ యేడే ఉపరితల లోపములను మాన్పుట మొదలగు నితర మార్గములచే కొన్ని పెరోవ్‌స్కైటు డయోడులు 20 శాతమును దాటినవి.

అయితే మోతాదు మించరాదు. మించిన లోహమే క్రొత్త లోపమై కాంతిని మ్రింగును. సీసము విషమన్న చింతయు, దీపపు ఆయువు చాలదన్న చింతయు ఇంకను తీరలేదు.

విద్యార్థులు గ్రహింపదగిన దిది: పదార్థమునందలి లోపము నెరిగినవాడే దానికి తగిన లోహమును, తగిన పాలును నిర్ణయింపగలడు. కంసాలికి రాగి యెంతయో తెలిసినట్లే, శాస్త్రజ్ఞునకును ఆ కొలత తెలియవలెను.