ఇంట్లో భయంగా ఉన్న ఆడపిల్లకు ఉండేచోటు, చదువు: ఎవరిని అడగాలి, ఎట్లా చేర్పించాలి

ఈ సమాచారం ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల వాళ్ల కోసం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పటి నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్‌లకు వేరే కలెక్టరేట్లు ఉన్నాయి. పాత అలవాటు కొద్దీ ఆసిఫాబాద్ వాళ్లు ఆదిలాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు. మీ జిల్లాలోనే జిల్లా సంక్షేమ అధికారి ఉంటారు.

ఎలాంటి పిల్లల గురించి ఈ మాట?

తాగొచ్చి కొట్టే తండ్రి ఉన్న పిల్ల. తల్లి చనిపోయి, నాయన గల్ఫ్‌ల ఉంటే చుట్టాలింట్ల పెరుగుతున్న పిల్ల. ఇంట్లోనో పక్కింట్లోనో ఒక మనిషంటే భయపడి, ఎందుకో చెప్పలేని పిల్ల. దారిలో పోరగాళ్లు ఏడిపిస్తున్నారని బడి మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టిన పిల్ల. పత్తి ఏరడానికి పోయి మళ్లీ బడి ముఖం చూడని పిల్ల. పదిహేనేళ్లకే సంబంధం ఖాయం చేసిన పిల్ల. వీళ్లందరికీ దారి ఉంది.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం (కేజీబీవీ)

ఆడపిల్లల చదువు వెనుకబడిన మండలాల కోసం 2004లో మొదలైన పథకం ఇది. మొదట ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకానే ఉండేది. ఇప్పుడు పదో తరగతి దాకా, చాలాచోట్ల ఇంటర్ దాకా ఉంది. ఉండటం, తిండి, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. అనాథలకు, తల్లో తండ్రో లేనివాళ్లకు, బడి మధ్యలో మానేసినవాళ్లకు ముందు సీటు ఇస్తారు. గురుకులాలకు ఉన్నట్టు ఆరో తరగతికి ఎంట్రెన్స్ పరీక్ష లేదు.

కేజీబీవీ ప్రత్యేక అధికారిని (ఎస్ఓ మేడమ్) నేరుగా కలవండి, లేదా మండల విద్యాధికారిని అడగండి. "టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, జూన్ దాటిపోయింది" అని వెనక్కి పంపితే ఊరుకోకండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఈ కారణాలతో ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. రెండు మూడేళ్లు బడి మానేసినా వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనుకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి.

సెలవుల మాట

దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, అసలు చిక్కు మాత్రం ఇక్కడే వస్తుంది. హాస్టల్‌లో పిల్ల బాగానే ఉంటుంది. ఏప్రిల్ చివర ఎండాకాలం సెలవులిచ్చి ఇంటికి పంపుతారు. లగ్గాలు జోరుగా జరిగేదీ అప్పుడే. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ పిల్ల రాదు, అడిగితే "పెండ్లి చేసినం" అంటారు. ఇంటికి పోతే భయమున్న పిల్ల సెలవులు ఇవ్వకముందే ఎస్ఓ మేడమ్‌కో, నమ్మకమున్న టీచర్‌కో చెప్పాలి. వాళ్లు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేస్తే సెలవుల్లో బాలసదనంలో ఉంచే ఏర్పాటు కమిటీ చూస్తుంది. టీచర్లు కూడా జూన్‌లో రాని పిల్లల పేర్లు మొదటి వారంలోనే రాసుకుని ఇండ్లకు పోవాలి. దసరా సెలవుల తర్వాత కూడా అంతే.

ఇవాళ రాత్రికే చోటు కావాలంటే

1098కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లను 24 గంటల్లో (ప్రయాణ సమయం కాక) బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. పోలీసులే తీసుకుపోవాలని లేదు. టీచర్, అంగన్‌వాడీ టీచర్, ఊరి మనిషి ఎవరైనా తీసుకుపోవచ్చు, పిల్ల తనంతట తాను కూడా పోవచ్చు. బాలసదనంలో ఉన్న పిల్లను బడికి పంపుతారు. పిల్ల పేరు, ఫొటో బయటపెట్టడం నేరం, అందుకని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పెద్దవాళ్లయితే 181కి చేయాలి. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, వకీలు సలహా, ధైర్యం చెప్పే కౌన్సెలర్, కొద్ది రోజులు ఉండే చోటు ఒక్కచోటే దొరుకుతాయి.

లైంగిక దాడి జరిగితే

2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల "ఇష్టపడింది" అన్న మాట చెల్లదు. తెలిసీ చెప్పకపోయినవాళ్లకు కూడా శిక్ష ఉంది. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి డబ్బులిప్పించినంత మాత్రాన కేసు పోదు. పిల్ల చెప్పేది ఇంటి దగ్గరో, పిల్ల కోరుకున్న చోటనో రాసుకోవాలి, రాసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. వైద్యపరీక్ష లేడీ డాక్టరే చేయాలి.

లగ్గం కుదిరి ఉంటే

పద్దెనిమిది నిండకుండా చేస్తే 2006 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మేజిస్ట్రేటు ముందుగానే ఆపమని ఆర్డర్ ఇవ్వవచ్చు. అయిపోయిన పెండ్లిని కూడా రద్దు చేయమని ఆ పిల్ల ఇరవై ఏళ్లు నిండేదాకా కోర్టును అడగవచ్చు. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే రూ.1,00,116 కూడా పెండ్లినాటికి పద్దెనిమిది నిండిన పిల్లకే. డబ్బు కోసం ఆధార్‌లో వయసు మార్పిస్తామనేవాళ్ల మాట వినకండి, బడి రిజిస్టర్‌లో అసలు తేదీ ఉంటుంది.

ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలం, ఇంటి గుర్తు (గుడి పక్కన, బోరింగు ఎదురుగా), పిల్ల సుమారు వయసు చెప్పండి. మీ పేరు చెప్పనవసరం లేదు. సిగ్నల్ అందని గూడేలు, తండాల్లో అంగన్‌వాడీ టీచర్‌కో ఆశా కార్యకర్తకో చెబితే వాళ్లు సిగ్నల్ ఉన్న చోటికొచ్చి ఫోన్ చేస్తారు.