పడవ అడుగుకు ఏ రంగు వేయవలెను?

తూర్పు తీరమున ప్రతి సంవత్సరమూ ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు మరబోట్ల వేట నిలిచిపోవును. ఈ 61 రోజులలోనే బోట్లను గట్టుకు లాగి, గీకి, మరమ్మతు చేసి, రంగు వేయుదురు. మన కోస్తా గ్రామాలలో నాలుగెకరాల కొబ్బరి తోటతోపాటు ఒక బోటులో సగం వాటానో, పావు వాటానో గల కుటుంబాలు అనేకం ఉన్నవి. తోటకు ఏ మందు కొట్టవలెనో అడిగి తెలిసికొనే రైతు, బోటు అడుగుకు వేసే రంగును మాత్రం దుకాణంలో ఏ డబ్బా ముందు కనబడితే అది తెచ్చుకొనుట నేను చూస్తున్నాను. వ్యవసాయాధికారికి బోటు రంగుతో పనేమని పాఠకులు అనుకొనవచ్చును. పని ఉన్నది. ఆ రంగులో పనిచేసే సరుకు మన తోటల మందే.

మూడేండ్ల క్రిందట మా మండలంలోని ఒక కొబ్బరి రైతు మొవ్వుకుళ్ళు తెగులు సంగతి అడగడానికి వచ్చి, మాటల మధ్య తన బోటుకు ఏ రంగు మంచిదని అడిగాడు. నేను ఆలోచించకుండా, “ఎర్ర ప్రైమరు రెండు పూతలు వేయించండి, చెక్క నిలుస్తుంది” అన్నాను. ఆయన అలాగే చేశాడు. నాలుగు నెలల తరువాత ఉప్పుటేటిలో పాటు సమయాన బోటు ఒరిగి ఉండగా నన్ను పిలిచి చూపించాడు. అడుగంతా గుల్లలు, చేయి ఆనిస్తే తెగుతుంది. “రంగు ఎర్రగానే ఉంది కదండీ, మరి ఇదేమిటండీ?” అన్నాడు. ఇదివరలో పోయివచ్చిన దూరానికే ఇప్పుడు డీజిలు చాలడం లేదన్నాడు. బోటును గట్టెక్కించి చూడగా అడుగు దూలం ప్రక్క పలకలు రెండు లోపల జల్లెడయి ఉన్నవి. రెండు కొబ్బరి దింపుల డబ్బు ఆ పలకలకే పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తెలియని సంగతి తెలిసినట్లు చెప్పింది నేను. ఆ తరువాత తెలిసికొన్నదే ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ఆ ఎరుపు సంగతి. దుకాణంలో దొరికే ఎర్ర ప్రైమరులో ఉండేది ఇనుప ఆక్సైడు. అది ఇనుమును తుప్పు నుండి కాపాడే పూతకు పనికివచ్చును గాని, దానిలో గుల్లలను చంపే గుణం ఏమీ లేదు. బోటు అడుగుకు కావలసిన రంగులో క్యుప్రస్ ఆక్సైడు అనే రాగి ఆక్సైడు ఉండవలెను. అదీ ఇటుక రంగులోనే ఉండును. కంటికి రెండూ ఒకటే. పైగా రాగి రంగును నీలం, నలుపు కలిపి కూడా అమ్ముదురు. కనుక వన్నె చూచి కొనరాదు. డబ్బాపై యాంటీఫౌలింగ్ అనే మాట ఉన్నదా, దానిలో రాగి ఆక్సైడు నూటికి ఎన్ని పాళ్ళు ఉన్నది అనేవి చదివించి చూచుకొనవలెను. రెండు డబ్బాల ధరలు పోల్చునప్పుడు ఈ పాళ్ళు కూడా పోల్చవలెను. చౌక డబ్బాలో రాగి తక్కువైతే అది చౌక కాదు.

బోటును నీటిలో వదిలిన ఒకటి రెండు రోజులలోనే అడుగున కంటికి ఆనని సూక్ష్మజీవుల జిగురు పేరును. దానిపై నాచు, తరువాత గుల్లలు. ఈ గుల్లలను ఇంగ్లీషులో బార్నకిల్సు అంటారు. చూడడానికి నత్తల వలె ఉన్నా, ఇవి రొయ్యలకు, పీతలకు దగ్గర చుట్టాలు. వీటి పిల్లలు నీటిలో తేలుతూ వచ్చి, అనువైన చోటు చూచుకొని, తల ప్రక్క నుండి ఒక విధమైన బంక విడిచి అతుక్కొని, చుట్టూ సున్నపు గోడ కట్టుకొనును. ఒకసారి అతుక్కొన్న గుల్ల మరి కదలదు. రోజూ సముద్రానికి పోయే బోటుకన్న, ఉప్పుటేటిలో కట్టివేసి ఉంచిన బోటుకే ఇవి ఎక్కువగా పట్టును.

చెక్క బోటుకు గుల్లలకన్న పెద్ద శత్రువు ఓడలను తొలిచే పురుగు. పురుగని అంటున్నామే గాని అది ఆలుచిప్పల జాతి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తల అంత రంధ్రం చేసికొని పలకలో ప్రవేశించును. లోపల తొలుస్తూ పెరుగునేగాని బయటికి రాదు. పైకి పలక చెక్కు చెదరనట్లే ఉండును. గట్టెక్కిన బోటు పలకలను చిన్న సుత్తితో వరుసగా కొట్టి చూచినచో, తొలిచిన చోట డొల్ల శబ్దం వచ్చును. రంగు కొనక ముందు చేయవలసిన పని ఇది.

ఇక రాగి చేసే పని. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేయుట రైతులకు తెలిసినదే. ఆకుపై ఎండిన ఆ మిశ్రమం నుండి మంచు తడికి, వాన తడికి రాగి కొంచెం కొంచెం కరగి, బూజు విత్తనాన్ని మొలకెత్తక ముందే చంపును. తెగులు లోపలికి దిగిన తరువాత కొట్టి లాభం లేదు. బోటు రంగూ అంతే. రాగి మెల్లగా నీటిలోకి దిగుతూ పలక పైన పలుచని విషపు పొర నిలిపి, గుల్ల పిల్లను అతుక్కొననీయదు. పట్టిన గుల్లలపై రంగు పులిమితే అది రంగు దండుగ. అలాగే రాగి అంతా దిగిపోయిన తరువాత అడుగున రంగు కనబడుతున్నా కాపుదల ఉండదు. “రంగు ఇంకా ఉందండీ” అని రెండవ సంవత్సరం ఊరకుండేవారు ఈ సంగతి గమనించవలెను.

ఈ రంగులు ముఖ్యంగా రెండు తరగతులు. ఒకటి గట్టిగా నిలిచేది. దానిలోని రాగి నీటిలోకి పోయి, రంగు పెంకు మాత్రం మిగులును. ఏటేటా దానిపైనే వేస్తూ పోతే మందం పేరుకొని పెచ్చులు లేచును. అప్పుడు అంతా గీకక తప్పదు. రెండవది, బోటు నడుస్తున్నకొద్దీ సబ్బు వలె పైపొర అరుగుతూ, క్రింది నుండి కొత్త రాగి బయటపడేది. ఏడాదిలో పది నెలలు వేటకు తిరిగే మరబోటుకు నేనైతే ఈ అరిగే రకమే చెబుతాను. మొగ దాటునప్పుడు తరచు ఇసుక మేటలకు రాచుకొనే బోటుకు అడుగు దూలం వరకు గట్టి రకం వేసి, మిగతా భాగానికి అరిగే రకం వేయవచ్చును. అయితే రెండూ ఒకదానికొకటి పొసగునో లేదో డబ్బాపై చూచుకొనవలెను. గుల్లలు జారిపోయేటట్లు చేసే సిలికాన్ పూతలు కూడా ఉన్నవి. అవి వేగంగా పోయే ఓడలకే గాని మెల్లగా వల లాగే బోట్లకు సరిపడవు.

అసలు ఈ రంగే అవసరం లేని పడవలూ ఉన్నవి. రోజూ వేట ముగించి ఇసుకపైకి లాగివేసే ఫైబరు తెప్పలకు, నాటు పడవలకు యాంటీఫౌలింగ్ రంగు కొనుట వృథా. ఎండకు ఆరిన అడుగున గుల్ల బ్రతకదు. వేసిన రంగునేమో ఇసుక గీకివేయును. దుకాణదారుడు ఎంత చెప్పినా ఆ డబ్బు వలకు పెట్టుకొనుట మేలు.

బోటు దేనితో చేసినదో చూడక రంగు ఎంచరాదు. 1761లో బ్రిటిషు నౌకాదళం వారు అలారం అనే యుద్ధనౌక చెక్క అడుగుకు రాగి రేకు తొడిగించారు. గుల్లలు, పురుగు రెండూ బాగా తగ్గినవి. కాని రెండేండ్లలో రాగికి తగిలిన ఇనుప మేకులు తినుకుపోయినవి. రేకులకు చుట్టి తెచ్చిన కాగితం తీయకుండా వదిలిన చోట్ల మాత్రం మేకులు బాగున్నవి. ఉప్పునీటిలో రెండు వేరు వేరు లోహాలు తాకినచో ఒకటి రెండవదానికి బలి అగును. కనుక ఇనుప బోటుకు ముందు తుప్పు పట్టనీయని ఎపాక్సీ పూతలు దట్టంగా వేసి, ఆ తరువాతనే రాగి రంగు వేయవలెను. అల్యూమినియం అడుగుకు రాగి ఆక్సైడు రంగు వేయనే రాదు. దానికి ప్రత్యేకమైన రంగులు అడిగి తీసుకొనవలెను. చెక్కకు, ఫైబరుకు ఈ చిక్కు లేదు. అయితే ఏ బోటుకైనా అడుగున బిగించిన జింకు దిమ్మలకు ఏ రంగూ పూయరాదు. అవి అరుగుటకే పెట్టినవి.

ఎంత రంగు కావలెనన్నది ముందే లెక్క కట్టవచ్చును. నీటి మట్టం వద్ద బోటు పొడవు 10 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మునిగే లోతు 1 మీటరు అనుకొందము. వెడల్పు, లోతు కలిపి పొడవుతో హెచ్చవేస్తే 40 చదరపు మీటర్లు వచ్చును. లీటరు రంగు ఒక పూతకు సుమారు 8 చదరపు మీటర్లకు వచ్చుననుకొంటే, రెండు పూతలకు 10 లీటర్లు కావలెను. నాలుగు లీటర్లు తెచ్చి కిరసనాయిలు పోసి సాగదీసేవారు కలరు. అలా సాగదీసిన రంగు అడుగునంతా ఎర్రగా చేయును గాని రాగి పూత పలుచనై నెలలలోనే అయిపోవును. అంత డబ్బు లేనప్పుడు తక్కువ ధర యాంటీఫౌలింగ్ రంగును నిండు మందంతో వేయుట, మేలు రకాన్ని నీళ్ళ వలె చేసి వేయుటకన్న నయం.

బోటు గట్టెక్కిన రోజే, తడి ఆరక ముందే గీకవలెను. ఎండిన గుల్ల రాయి వలె పట్టుకొనును. గీకిన తరువాత మంచినీటితో కడిగి ఆరనివ్వవలెను. కాని చెక్క బోటును రోహిణి ఎండలకు వదిలివేస్తే పలకలు కుదించుకొని సందులు విచ్చును. పైన తాటాకు పందిరి వేయుట మంచిది. వేట మానిన మొదటి వారంలోనే రంగు వేసి రెండు నెలలు ఎండలో ఉంచుట మన ప్రాంతంలో ఉన్న పెద్ద పొరపాటు. రంగు వేసిన తరువాత ఎన్ని గంటలు ఆగి, ఎన్ని రోజులలోగా నీటిలో దింపవలెనో డబ్బాపై ఉండును. నీటిలో దింపే తేదీ నుండి వెనుకకు లెక్కించి, మృగశిర కార్తెలో వాన లేని రోజు చూచుకొని వేయవలెను. ఉదయం మంచు తడి ఆరిన తరువాత, పలక చేతికి కాలక ముందు వేసిన పూత బాగా పట్టును.

రాగి ఆక్సైడు బరువైనది. డబ్బా అడుగుకు దిగిపోవును. పై రంగు మాత్రం ముంచి పూస్తే మొదటి పలకలకు రాగి అందదు. కర్రతో అడుగు ముట్టేటట్లు కలిపి, పని మధ్యలో మళ్ళీ మళ్ళీ కలుపవలెను. నీటి మట్టం గీత వెంబడి, చుక్కానికి, బోటు ముక్కుకు, అడుగు దూలానికి ఒక పూత అదనంగా వేయవలెను. పురుగు చొరబడేది అక్కడి గీతలలో నుండే.

ఇది విషమన్న మాట మరువరాదు. ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు మందు గల రంగులు ఒకప్పుడు గుల్లలపై అద్భుతంగా పనిచేసినవి. కాని ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దాని వలన దెబ్బతినగా, 1982లో ఆ దేశం చిన్న పడవలకు దానిని నిషేధించినది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17 నుండి అమలులోకి వచ్చి ఓడలన్నిటికీ దానిని మాన్పించినది. రాగికి అటువంటి నిషేధం లేదు గాని గుల్లకు చేటు చేసేది దాని చుట్టమైన రొయ్యకూ చేటే. ఒకే ఉప్పుటేటి గట్టున ఒకవైపు బోట్లు గీకుతూ, మరొకవైపు రొయ్యల చెరువుకు మోటారుతో నీరు తోడుట నేను చూచాను. ఆ చెరువు రైతూ, ఈ బోటు యజమానీ ఒక్కోసారి ఒకే ఇంటివారు. గీకునప్పుడు క్రింద టార్పాలిన్ పరచి, రాలిన పెచ్చులను సంచిలో ఎత్తివేయవలెను. ఏటిలోకి ఊడ్చరాదు, తగులబెట్టరాదు. పాత రంగును పొడిగా రుద్దరాదు, తడిపి రుద్దవలెను. రుద్దేవారు ముక్కుకు, చేతులకు రక్షణ పెట్టుకొనవలెను. ఖాళీ డబ్బాలను ఇంటి వాడకానికి ఉంచరాదు. గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకులు వేట నిషేధం మొదలైనప్పుడే ఈ సంగతి రేవులో చెప్పించినచో బాగుండును.

పైన చెప్పిన కొబ్బరి రైతు నా మాటపై రెండవసారి రంగు కొనలేదు. జానెడు వెడల్పు పలకలు నాలుగు తీసుకొని, ఒకటి వట్టిది వదిలి, మిగతా మూడింటికి మూడు డబ్బాల రంగు పూసి, ఉప్పుటేటిలో పాటు నీటికి కూడా మునిగి ఉండేటట్లు తాడుతో కట్టాడు. పొలంలో ప్రదర్శన మడి వంటిదే ఇది. కదలని పలకకు గుల్లలు ఎక్కువ పట్టును గనుక ఇది గట్టి పరీక్ష. అరిగే రకం రంగు పలకపై కొంచెం నాచు కనబడినంత మాత్రాన దానిని తీసివేయనక్కర లేదు. బోటు నడకలో అది పోవును. నెలకొకసారి తీసి చూచి, గుల్లలు లెక్కించి, తేదీ వేసి వ్రాసుకొన్నాడు. నాలుగవ నెలకు వట్టి పలక కనబడకుండా గుల్లలతో నిండింది. మూడింటిలో ఒకదానిపై జిగురు తప్ప మరేమీ లేదు. బోటుకు ఆ రంగే పది లీటర్లు తెచ్చాడు. పలకలు ఇప్పటికీ రేవులోనే వ్రేలాడుతున్నవి. ఏ నెలలో రాగి అయిపోవునో చూడవలెనట.